లండన్‌లో చూసిన పులి, మా ఊరి వీరగల్లు

ఈ పోస్టు కొంచెం పొడుగు, తీరిక చేసుకుని చదవండి.

2019 వేసవిలో మా అమ్మాయి, అల్లుడు రమ్మంటే లండన్‌కు పోయినాము. చేతిలో ఉండింది నాలుగు దినాలే. అక్కడ పెద్ద మ్యూజియంలకు టికెట్టు లేదని అల్లుడు చెప్పినాడు. నాకు చరిత్ర పిచ్చి ఉండేది మీకు తెలుసు కదా, రెండు దినాలు వాటికే పెట్టుకున్నాను.

మొదట విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో టిప్పు సుల్తాన్ పులిని చూసినాము. కొయ్యతో చేసి రంగులు వేసిన పెద్ద బొమ్మ. కింద వెల్లకిలా పడిన తెల్లదొర, వాడి గొంతు మీద నోరు పెట్టిన పులి. పక్కన ఉండే పిడి తిప్పితే దొర చేయి ఆడుతుంది, వాడి ఏడుపు, పులి గుర్రుమనేది రెండూ వినిపించేటట్టు లోపల గాలి తిత్తులు అమర్చినారు. 1799 మే 4న శ్రీరంగపట్నం పడినాక ఇది ఈస్టిండియా కంపెనీ చేతికి చిక్కింది. 1808 నుంచి లండన్‌లో కంపెనీ ఆఫీసులో జనానికి చూపించినారు.

ఈ టిప్పు పుట్టింది దేవనహళ్ళిలో అని మా మనవడికి చెబితే, "తాతా, దేవనహళ్ళి అంటే ఎయిర్‌పోర్టు కదా?" అన్నాడు. నవ్వొచ్చింది, తర్వాత బాధ కూడా అయింది. మనం విమానం ఎక్కేది ఆ కోట పక్కనే. మనలో ఎంతమంది ఆ కోట లోపలికి పోయినాము?

వాడికి నంది కథ కూడా చెప్పినాను. శ్రీరంగపట్నం కంటే ముందు పడింది మన నంది కోట. 1791లో కారన్‌వాలిస్ సైన్యం మార్చిలో బెంగళూరును పట్టుకుని, అక్టోబరులో నంది మీదికి వచ్చింది. అంత ఏటవాలు కొండ మీదికి ఫిరంగులు లాగి, గోడ పగలగొట్టి, రాత్రిపూట ఎక్కి కోటను పట్టుకున్నారు. మరుసటి ఏడు ఒప్పందంలో టిప్పు సగం రాజ్యం వదులుకుని, 3 కోట్ల 30 లక్షల రూపాయలు కట్టేదానికి ఒప్పుకుని, ఇద్దరు కొడుకులను జామీనుగా పంపించినాడు. ఆదివారం మనం బోండా తిని ఫోటోలు తీసుకునే కొండ అదే.

మరుసటి దినం బ్రిటిష్ మ్యూజియంకు పోయినాము. అక్కడ గాజు తలుపుల వెనక ఒక గది నిండా మన అమరావతి స్తూపం రాళ్ళే, వందకు పైన ఉన్నాయి. తామరపూలు, ఏనుగులు, బుద్ధుడి కథలు, ఒక పలక మీద స్తూపం బొమ్మే చెక్కినారు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర తవ్వించి మద్రాసుకు పంపించినాడు. 1859లో కొన్నిటిని ఓడలో లండన్‌కు తెచ్చినారు.

తీసుకుపోయినోళ్ళ మీద కోపం వచ్చింది. కానీ కథ అక్కడ మొదలు కాలేదు. అంతకు యాభై ఏళ్ళ ముందే, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త ఊరు కట్టించేటప్పుడు, ఆ దిబ్బలోని రాళ్ళు కట్టడాలకు పోయినాయి. అవి ఏమిటో అప్పుడు ఎవరికీ తెలియదు. రాయి దొరికింది, వాడుకున్నారు.

అది చదివినప్పుడు నాకు చింతామణి తాలూకాలోని మా ఊరి కాలువ గుర్తుకొచ్చింది. కాలువ గట్టున గుడ్డలు ఉతికే బండ ఒకటి ఉండేది. దాని కింది భాగంలో ఆవులు, మధ్యలో విల్లు పట్టుకున్న వీరుడు, పైన వాడిని స్వర్గానికి తీసుకుపోయే దేవకన్యలు. పసువుల మందను కాపాడబోయి చచ్చిపోయిన ఎవరో ఊరి మనిషికి నిలబెట్టిన వీరగల్లు అది. నడుమ రెండు వరసలు అక్షరాలు ఉండేవి. లండన్ నుంచి వచ్చినాక పోయి చూస్తే బొమ్మలు కొంచెం మిగిలినాయి, అక్షరాలు నున్నగా అరిగిపోయినాయి. మా అమ్మ కూడా ఆ బండ మీదే ఉతికింది. ఎవరిని తప్పు పట్టేది?

1905లో బి.ఎల్. రైస్ దొర ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటంలో కోలారు జిల్లా శాసనాలు అచ్చు వేయించినాడు. అప్పుడు మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి అన్నీ కోలారు జిల్లాలోనే కదా, మనది వేరే జిల్లా అయింది 2007లో. ఆ పుస్తకంలో తాలూకా వారీగా, ఊరి పేరుతో, నంబరు వేసి ఉంటాయి. కన్నడ శాసనాలతో పాటు తెలుగువి కూడా ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

సభ్యులకు నా మనవి ఒక్కటే. ఈ దసరా సెలవుల్లో ఊరికి పోయినప్పుడు చెరువు కట్ట మీద, గుడి వెనక, తిప్ప పక్కన బొమ్మలో అక్షరాలో ఉండే రాయి కనిపిస్తే, పొద్దున ఏటవాలు ఎండలో ఒక ఫోటో తీయండి. అప్పుడు అక్షరాలు బాగా తేలుతాయి. సున్నం పూయొద్దు, గీకొద్దు, సొంతంగా పెకలించొద్దు. ఊరి పేరుతో మన గ్రూపులో పెట్టండి. రైస్ పుస్తకంలో ఉందో లేదో నేను వెతికి చెబుతాను. లేని రాయి దొరికితే పంచాయతీకి, పురాతత్వ శాఖకు మన సంఘం తరఫున అర్జీ పెడదాము.

లండన్‌కు పోయే పిల్లలకు కూడా చెప్పండి, ఆ పులిని, ఆ రాళ్ళను తప్పకుండా చూసి రమ్మని. కానీ పోయే ముందు ఒకసారి దేవనహళ్ళి కోటకు, నంది కొండకు పిలుచుకుపోండి. లేకుంటే అక్కడ చూసేది ఎవరిదో వాళ్ళకు తెలియదు.