ఒకే ఊరు, రెండు ఓటరు జాబితాలు: రామగుండం పట్టణ ఓటర్ల రాజకీయ చరిత్ర (2009–2023)

2023 నవంబరు 30న జరిగిన శాసనసభ ఎన్నికల్లో రామగుండం ఓటర్లు కాంగ్రెస్ అభ్యర్థి మక్కాన్‌సింగ్ రాజ్‌ఠాకూర్‌ను 50 వేలకు పైగా ఆధిక్యంతో గెలిపించారు. నెల తిరగకముందే, డిసెంబరు 27న, సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగాయి. అందులో రామగుండం-1, రామగుండం-2 ఏరియాల కార్మికులు కాంగ్రెస్ అనుబంధ ఐఎన్‌టీయూసీని కాదని, సీపీఐ అనుబంధ ఏఐటీయూసీకి పట్టం కట్టారు. ఒకే ఊరిలో, ఒకే నెలలోపు వెలువడిన ఈ రెండు తీర్పులను ఎలా అర్థం చేసుకోవాలి? కార్మికుడి చంచలత్వమని సరిపెట్టుకోవడం తేలిక. కానీ ఆ రెండు ఓటరు జాబితాలు ఒకటి కావని, రెండింటిలోనూ పేరున్న వ్యక్తి రెండు వేర్వేరు ప్రయోజనాల కోసం ఓటు వేశాడని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జీతం తెచ్చిన హోదా

గోదావరిఖని పుట్టుకే బొగ్గుతో ముడిపడింది. 1960ల ఆరంభంలో ఇక్కడ గనులు మొదలయ్యాయి. 1980లో ఎరువుల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది; 1983లో ఎన్‌టీపీసీ తొలి యూనిట్ పనిచేయసాగింది. పల్లె నుంచి ‘బాయి పని’కి వచ్చిన కూలీ ఒక తరం గడిచేసరికి నెలజీతం, కంపెనీ క్వార్టరు, కంపెనీ ఆసుపత్రి, భవిష్యనిధి ఉన్న పట్టణవాసి అయ్యాడు. నగరాల్లోని ధనిక కాలనీల అర్థంలో ఇతడు సంపన్నుడు కాడు. చుట్టుపక్కల వ్యవసాయ కుటుంబాల కంటికి మాత్రం సంపన్నుడే. కనుక ఈ ఓటర్లను ‘శ్రామికవర్గం’ అన్న ఒక్క మాటలో ఇమడ్చడం చరిత్రకు న్యాయం చేయదు.

ఈ హోదా ఎవరి దయవల్లనో వచ్చింది కాదు. 1981నాటి 56 రోజుల సమ్మె, ఆ కాలంలోనే ఏర్పడిన సింగరేణి కార్మిక సమాఖ్య ఇక్కడి పోరాట స్మృతిలో ప్రధానమైనవి. అయితే గని కార్మికుడి వేతనాన్ని నిర్ణయించేది జాతీయ బొగ్గు వేతన ఒప్పందం. అది సంఘాలు, యాజమాన్యాల మధ్య కుదిరే ఒడంబడిక. జీతభత్యాల విషయంలో శాసనసభ్యుడి పాత్ర స్వల్పం. ఇళ్ల పట్టాలు, రోడ్లు, స్థానిక ఉపాధి వంటి వాటికి మాత్రం అతడే దిక్కు. ఓటు రెండుగా చీలడానికి పునాది ఇక్కడే ఉంది.

శాసనసభ తీర్పులు

2008 పునర్విభజనకు ముందు ఈ పారిశ్రామిక పట్టణం మేడారం ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గంలో భాగం. పునర్విభజన తరువాత రామగుండం జనరల్ స్థానంగా ఏర్పడింది. 2009లో స్వతంత్ర అభ్యర్థి సోమారపు సత్యనారాయణ గెలిచారు. 2014లో ఆయనే తెరాస పక్షాన నెగ్గారు. 2018లో ఆల్ ఇండియా ఫార్వర్డ్ బ్లాక్ అభ్యర్థిగా కోరుకంటి చందర్ ఆయనను ఓడించి, తరువాత తెరాసలో చేరారు. ఫార్వర్డ్ బ్లాక్‌కు జాతీయ స్థాయిలో వామపక్ష గుర్తింపు ఉన్నా, ఈ పరిణామాన్ని బట్టి ఆ విజయాన్ని వామపక్ష విజయంగా లెక్కించలేము. నాలుగు ఎన్నికల్లో రెండుసార్లు ప్రధాన పార్టీల గుర్తులకు వెలుపలి అభ్యర్థులే గెలిచారు. సీపీఐ గానీ, సీపీఎం గానీ ఒక్కసారీ గెలవలేదు.

గుర్తింపు సంఘం తీర్పులు

1998లో రహస్య బ్యాలెట్ ద్వారా మొదలైన గుర్తింపు ఎన్నికల దారి వేరు. తొలి ఎన్నికలోనే ఏఐటీయూసీ గెలిచింది. 2011 సకల జనుల సమ్మెలో గని కార్మికులు ప్రత్యేక రాష్ట్ర ఉద్యమానికి వెన్నెముకగా నిలిచారు. మరుసటి ఏడాదే తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘం గుర్తింపు సాధించింది. 2017లో వారసత్వ ఉద్యోగాల పథకాన్ని ఉన్నత న్యాయస్థానం కొట్టివేయగా, కారుణ్య నియామకాల హామీ నడుమ అదే సంఘం మళ్లీ నెగ్గింది. అంటే ఈ పెట్టెలో పడే ఓటుకు ప్రధాన ప్రేరణ కొడుకు కొలువు, అలవెన్సులు, పని పరిస్థితులు. 2023లో సంస్థ మొత్తంమీద ఐఎన్‌టీయూసీ ఎక్కువ ఏరియాలు గెలిచినా, మొత్తం ఓట్లలో ముందున్న ఏఐటీయూసీకే గుర్తింపు దక్కింది. రామగుండం-3 ఏరియాలో ఐఎన్‌టీయూసీ నెగ్గింది. ఆ ఏరియా కేంద్రమైన సెంటినరీ కాలనీ మంథని నియోజకవర్గంలో ఉంది. కంపెనీ ఏరియాల హద్దులూ నియోజకవర్గాల హద్దులూ ఒకటి కావని కూడా పరిశోధకులు గుర్తుంచుకోవాలి.

జాబితాలో లేనివారు

1990ల ఆరంభంలో సింగరేణి కార్మికుల సంఖ్య సుమారు 1.16 లక్షలు. 2023 గుర్తింపు ఎన్నికల నాటికి ఓటర్లు 40 వేల లోపే. స్వచ్ఛంద పదవీ విరమణలు, యాంత్రీకరణ, ఓపెన్‌కాస్టు గనులు ఈ తగ్గుదలకు ముఖ్య కారణాలు. 1999లో ఎరువుల కర్మాగారం మూతపడడంతో మరో స్థిరోద్యోగుల సమూహం పట్టణం నుంచి చెదిరిపోయింది. ఖాళీ అయిన పనుల్లో అనేకం కాంట్రాక్టు కార్మికుల చేతికి వచ్చాయి. వారికి శాసనసభ ఓటు ఉంది. గుర్తింపు ఎన్నికల్లో ఓటు లేదు.

ఈ అంతరాన్ని ఒక్క ఉదాహరణ స్పష్టం చేస్తుంది. 2024లో ప్రకటించిన లాభాల వాటాలో స్థిర కార్మికుడికి సగటున 1.90 లక్షల రూపాయలు దక్కగా, తొలిసారిగా వాటా పొందిన సుమారు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు తలా 5 వేలు లభించాయి. ఇద్దరూ దిగేది అదే గనిలోకి, ఇంటికి మోసుకెళ్లేది అదే బొగ్గు మసి.

ముగింపు

రామగుండాన్ని ‘ఎర్ర కోట’ అని గుర్తింపు ఫలితాలను బట్టి నిర్ధారించినా, ఆ కోట కూలిందని శాసనసభ ఫలితాలను బట్టి తేల్చినా అది అర్ధసత్యమే. మొదటిది తగ్గిపోతున్న స్థిరోద్యోగుల స్వరం. రెండవది వారితోపాటు వారి నిరుద్యోగులైన పిల్లలు, కాంట్రాక్టు కార్మికులు, చిరువ్యాపారులు కలిసిన పట్టణం స్వరం. ఇకపై సింగరేణి రాజకీయ చరిత్ర రాసేవారు గుర్తింపు ఓటును మొత్తం కార్మికుల అభిప్రాయంగా ఉదహరించే ముందు, ఆ జాబితాలో ఎవరి పేర్లు లేవో కూడా అడగవలసి ఉంది. ఆ ప్రశ్న వేయని చరిత్ర, గనిలో నేడు పనిచేస్తున్నవారిలో పెద్ద భాగాన్ని లెక్కలోంచి తప్పించినట్లే అవుతుంది.