ఐర్లండ్ తల్లులు, మా ఆపా రిపోర్టు

మా ఆపా రక్తదాన శిబిరంలో ఖూన్ ఇచ్చింది. కొన్నాళ్లకు ఫోనొచ్చింది: హెపటైటిస్ సి యాంటీబాడీ పాజిటివ్. మాట మొహల్లాలోకి ఎలా పొక్కిందో గానీ, కుదిరిన రిష్తా కాస్తా వారంలో పోయింది. ఆ తర్వాత ఆర్‌ఎన్‌ఏ టెస్టు చేయించాం. వైరస్ లేదు. ఎప్పుడో వచ్చింది, దానంతటదే పోయింది. "ఇలాజ్ లేకుండా అదెట్లా పోతుంది బేటా?" అని అమ్మీ అడిగితే నా దగ్గర జవాబు లేదు. అది వెతుక్కుంటూ ఐర్లండ్ తారీఖ్‌లో తేలాను.

ఆర్‌హెచ్ నెగెటివ్ తల్లికి పాజిటివ్ బిడ్డ పుడితే, తర్వాతి బిడ్డకు ముప్పు రాకుండా యాంటీ-డి సూది వేస్తారు. మన దవాఖానాల్లోనూ వేస్తారు. ఇతరుల ప్లాస్మా నుంచి ఆ మందు తయారవుతుంది. 1977-78లో ఐర్లండ్‌లో, యర్ఖాన్ వచ్చిన ఒక మహిళ ప్లాస్మా అందులో కలిసిపోయింది. హెపటైటిస్ సి వైరస్‌ను గుర్తించింది 1989లో కాబట్టి అప్పటికి దానికి పేరు కూడా లేదు. కానీ యర్ఖాన్ అన్న మాట అందరికీ తెలిసిందే కదా! ఆ ప్లాస్మాను పక్కన పెట్టాల్సింది.

సంగతి 1994లో గానీ బయటపడలేదు. 62,667 మంది మహిళలకు పరీక్షలు చేస్తే 704 మందిలో ఇన్ఫెక్షన్ సోకిన గుర్తులు కనిపించాయి. న్యాయం కోసం కోర్టుకెక్కిన బ్రిజిడ్ మెకోల్, పన్నెండు మంది బిడ్డల తల్లి, 1996 అక్టోబర్‌లో కన్నుమూసింది.

నన్ను ఆపేసిన లెక్క ఇంకొకటి. ఆ 704 మందిలో వైరస్ ఇంకా ఉన్నది 390 మందిలోనే. దాదాపు అందరికీ సోకింది ఒకే మనిషి నుంచి వచ్చిన వైరస్, అదీ ఒకే రకం సూది ద్వారా. అందరూ బాలింతలే. మరి తేడా ఎక్కడ?

పరిశోధకులు వాళ్ల హెచ్‌ఎల్‌ఏ జీన్లు చూశారు. వైరస్ ముక్కను కణం పైకి తెచ్చి, "చూడండి, దుష్మన్ లోపలున్నాడు" అని రక్షక కణాలకు చూపించే ప్రొటీన్లు ఈ జీన్ల నుంచే వస్తాయి. ఒక వాటా అమ్మీ నుంచి, ఒకటి అబ్బా నుంచి. బి27 రకం ఉన్నవాళ్లలో వైరస్ పోవడం ఎక్కువగా కనిపించింది. బి27 పట్టుకునే ముక్కను మార్చుకుని తప్పించుకోవడం వైరస్‌కు కష్టం. బి8 ఉన్నవాళ్లలో మాత్రం వైరస్ నిలిచిపోవడమే ఎక్కువ. తమాషా ఏమిటంటే, వెన్నెముకను బిగుసుకుపోయేలా చేసే ఒక మరజ్‌తో సంబంధం ఉన్నది కూడా ఆ బి27కే. ఇవన్నీ అవకాశాలే, గ్యారంటీలు కావు.

2009లో ఐఎల్28బి అనే జీన్ దగ్గర ఇంకో తేడా దొరికింది. అందులో 'సిసి' రకం ఉన్నవాళ్లకు వైరస్ దానంతటదే పోయే అవకాశం ఎక్కువ, ఇంటర్‌ఫెరాన్ సూదులు కూడా బాగా పనిచేసేవి. ఈ రకం తూర్పు ఆసియాలో ఎక్కువ, ఆఫ్రికా మూలాలున్నవారిలో తక్కువ. ఇప్పుడు వైరస్ మీదే నేరుగా పనిచేసే మాత్రలు వచ్చాయి కాబట్టి, ఏ జీన్ ఉన్నా ఎక్కువమందికి మూడు నెలల్లో నయమవుతోంది.

ఆపా జీన్లు ఎవరూ పరీక్షించలేదు. యాంటీబాడీ ఏళ్లతరబడి ఉండిపోతుంది కనుక బ్లడ్ బ్యాంకు ఇక ఆమె ఖూన్ తీసుకోదు. ఇదంతా అమ్మీకి చెప్పాను. సాంతం విని, "మరి ఆ మంచి జీన్ నాదా, మీ అబ్బాదా?" అంది. ఆపా చాలా రోజుల తర్వాత నవ్వింది.