రగ్బీ విందులో పంక్తిభేదము

రగ్బీ యను ఆటను మన తెలుగునాట కన్నులార చూచినవారు తక్కువ. కోడిగ్రుడ్డు ఆకారము గల బంతి. జట్టునకు పదునైదుగురు. బంతిని చేతితో ముందునకు విసరరాదు. ప్రక్కకో వెనుకకో మాత్రమే అందీయవలెను. దానిని చంక నిరికించుకొని పరుగెత్తువానిని ఎదుటి పక్షమువారు నడుము పట్టి నేల గూల్చెదరు. చిన్ననాట చెడుగుడు ఆడినవారికి ఆ పట్టు ఎట్టిదో కొంత తెలియును. అంతకు మించి ఆట నెరుగనివారు సైతము నేడు నేను చెప్పబోవు కథను సులభముగ గ్రహింపగలరు. ఇందు గృహస్థులు, అతిథులు, పిలుపులు, పంక్తులు కలవు. అవి యన్నియు మన మెరిగినవే.

ఈ ఆటతో మన దేశమునకు ఒక పాతబంధము లేకపోలేదు. 1873లో కలకత్తాలోని ఆంగ్లేయులు ఒక ఫుట్‌బాల్ క్లబ్బు స్థాపించుకొని రగ్బీ ఆడుచుండిరి. కొలది యేండ్లలోనే అది మూతపడెను. బ్యాంకులో మిగిలిన సొమ్మును వెండి రూపాయలుగ తీసి, కరగించి, ఒక పాత్ర చేయించి ఇంగ్లండులోని రగ్బీ సంఘమున కిచ్చిరి. దాని పిడులు మూడు నాగుపాములు, మూతపై ఏనుగు. 1879 మొదలు ఇంగ్లండు, స్కాట్లండు జట్లు మన రూపాయల పాత్రకై తలపడుచునే యున్నవి. ఎవరి రూపాయలని వారి నడుగువారు లేరు!

ఇరుగుపొరుగువారు ఆడుకొనుట ఒక యెత్తు; ప్రపంచమును ఒకచోట చేర్చుట మరియొక యెత్తు. రగ్బీకి ప్రపంచపు పోటీ యుండవలెనని ఆ సంఘపు పెద్దలు 1985లో పారిసున వోట్లు తీసి నిశ్చయించిరి. అందఱును ఒక్కమాట మీద లేరు. 1987 మే 22వ తేది నుండి జూన్ 20వ తేది వరకు న్యూజిలండు, ఆస్ట్రేలియాలు కలిసి ఆ మొదటి పోటీకి ఆతిథ్య మిచ్చెను. పదునారు జట్లు, నాలుగేసి చొప్పున నాలుగు పంక్తులు, ముప్పదిరెండు ఆటలు. కడపటి ఆటలో న్యూజిలండు ఫ్రాన్సును 29-9 గుణములతో ఓడించెను.

అయితే ఆ పదునారు జట్లు ఎట్లు వచ్చినవి? అర్హతకై పందెము లేదు. సంఘపు పెద్దలు ఏడుగురు తమ పీటలపై తాము కూర్చుండిరి. తక్కిన తొమ్మండ్రకు పిలుపు లంపిరి. దక్షిణాఫ్రికా సంఘములో సభ్యురాలే యైనను, వర్ణవివక్ష కారణముగ ఆమెకు చోటు లేకపోయెను. ఆ వెలి న్యాయమైనదే. పశ్చిమ సమోవా యను చిన్న ద్వీపరాజ్యము మాత్రము ఏ నేరమును చేయకయే పిలుపునకు నోచుకొనలేదు. పొరుగుననున్న ఫీజీకి, టోంగాకు ఆకులు పడినవి; సమోవా వాకిట నిలిచినది.

నాలుగేండ్లకు, 1991లో, ఇంగ్లండు ముఖ్య గృహస్థుగ, స్కాట్లండు, వేల్సు, ఐర్లండు, ఫ్రాన్సు తోడుగ రెండవ పోటీ జరిగెను. వెనుకటి పోటీలో ఎనిమిదింటిలో నిలిచిన జట్లు నేరుగ వచ్చెను. తక్కిన ఎనిమిది స్థానములకు అర్హతపోటీలు పెట్టిరి. ఆ ద్వారమున సమోవా లోనికి వచ్చి, అక్టోబరు 6వ తేదీన కార్డిఫ్ నగరములో, వేల్సువారి సొంత ముంగిటనే, వేల్సును 16-13తో ఓడించెను! ఆతిథ్యములో పాలుగొన్న వేల్సు పంక్తి దాటలేకపోయెను. పిలువని పేరంటముగ మిగిలినవారు ముందుకు సాగిరి. ద్వారము తెరచుటకును పిలుపు లంపుటకును గల భేదమునకు ఇంతకంటె చక్కని తార్కాణము నాకు దొరకలేదు.

వర్ణవివక్ష తొలగిన పిమ్మట 1995లో దక్షిణాఫ్రికాయే గృహస్థు రాలయ్యెను. ఆమె న్యూజిలండును 15-12తో గెలిచిన దినమున, అధ్యక్షుడు మండేలా జట్టు నాయకుని ఆరవ అంకె చొక్కా తొడిగికొని పాత్ర నందించిన చిత్రము లోకమంతయు చూచినది. నేను మీకు గుర్తుచేయదలచినది అంతకు వారము ముందటి సంగతి. డర్బనులో ఫ్రాన్సుతో ఆట, మైదానము చెరువైనది. ఆట జరుగకపోయినచో ఏమగునో నియమములో ముందే వ్రాసి యున్నది: ఆటగాండ్ర ప్రవర్తన మేలైన జట్టు కడపటి ఆటకు పోవును. దక్షిణాఫ్రికా ఆటగాడు ఒకడు అంతకు పూర్వమే కెనడాతో ఆటలో వెలివేయబడి యుండుటచే, వాన నిలువకున్న ఫ్రాన్సుదే గెలుపు. అపుడు కొందఱు స్త్రీలు చీపుళ్లు పట్టి, పచ్చికపై నిలిచిన నీటిని ఊడ్చి పోసిరి. ఆట జరిగెను; దక్షిణాఫ్రికా 19-15తో గట్టెక్కెను. మండేలా చొక్కా చరిత్ర కెక్కినది. ఆ చీపుళ్లను తలచువారు అరుదు.

ఆ 1995 పోటీలోనే జపాను జట్టు న్యూజిలండు చేతిలో 145-17తో ఓడెను. ఆ అంకెలను మనసున నుంచుకొనుడు.

1999లో జట్లను ఇరువదికి పెంచిరి. 2003 నుండి అవి ఐదేసి చొప్పున నాలుగు పంక్తులయ్యెను. చూచుటకు చిన్న మార్పు. కాని ఐదుగురు జతలుగ ఆడునపుడు ఎల్లప్పుడును ఒకరు మిగులుదురు గదా! అందుచే ఒక జట్టునకు ఎనిమిది దినముల విరామము, మరియొకదానికి నాలుగు దినములు, ఇట్లు హెచ్చుతగ్గులు తప్పవు. ఒడలు హూనమగు ఈ ఆటలో నాలుగు దినములు చాలవు. ఇక ఆ కొరత ఎవరి వంతున పడును? పెద్దజట్ల ఆటలకు, గృహస్థుని ఆటలకు జనులు హెచ్చుగ వచ్చు శని, ఆదివారములు కావలెను. మిగిలిన దినములు చిన్నవారికి. దీనినే మనవారు పంక్తిభేద మందురు.

2015లో ఇంగ్లండున జరిగిన పోటీలో ఇది స్పష్టముగ తేలినది. సెప్టెంబరు 19వ తేదీన జపాను, రెండుమారులు ప్రపంచమును గెలిచిన దక్షిణాఫ్రికాను 34-32తో ఓడించెను. కడపటి క్షణములో సమానమగుట చాలునని ఊరకుండక, గెలుపునకే తెగించి గెలిచిరి. నాలుగు దినములకే, 23వ తేదీన, వారు స్కాట్లండుతో ఆడవలసి వచ్చెను. స్కాట్లండునకు అది మొదటి ఆట. అలసట యెరుగని కాళ్లు. జపాను 45-10తో ఓడెను. తరువాత రెండు ఆటలు గెలిచినను, మూడు గెలుపులతో పంక్తి దాటలేకపోయిన మొదటి జట్టుగ ఇంటిదారి పట్టెను.

నాలుగేండ్లు గడచెను. 2019 పోటీ ఆసియా ఖండమునకు మొదటిసారి వచ్చెను, గృహస్థు జపాను. సప్పొరో నుండి కుమమోతో వరకు పండ్రెండు మైదానములు. ఆ పోటీ కాలపట్టికను ముందు పెట్టుకొని నేను వ్రేళ్లు మడిచి లెక్కించితిని. జపాను ఆటలు సెప్టెంబరు 20, 28, అక్టోబరు 5, 13. ప్రతి రెంటి నడుమ వారమునకు తక్కువ లేదు. అన్నియు శుక్ర, శని, ఆదివారములే. స్కాట్లండు మాత్రము అక్టోబరు 9వ తేదీన రష్యాతో ఆడి, నాలుగవ నాడు జపానును ఎదుర్కొనవలెను. అవే రెండు జట్లు. అవే నాలుగు దినములు. వంతులు మాత్రము తారుమారైనవి! వడ్డించువాడు మనవాడైనచో కడపంక్తిలో కూర్చున్నను కొదువ లేదను సామెత నా నోట వచ్చినది. జపాను సామర్థ్యమును నేను తగ్గించుట లేదు. వారు ఆ పాటికే ఐర్లండును ఓడించి యుండిరి. కాని లెక్క లెక్కయే.

ఇంతలో హగిబిస్ యను పెనుతుపాను వచ్చినది. అక్టోబరు 12వ తేదీన ఆడవలసిన న్యూజిలండు-ఇటలీ, ఇంగ్లండు-ఫ్రాన్సు ఆటలను ముందుగనే రద్దుచేసిరి. నియమము ప్రకారము గుణములు సున్న, సున్న. చెరి రెండు పాయింట్లు. ఇటలీ ముందునకు పోవు ఆశ, ఎంత సన్ననిదైనను, ఆడకుండగనే తెగెను. 2003 నుండి ఐదు పోటీలలో ఆడిన వారి నాయకుడు పరీసెకు కడపటి ఆట దక్కలేదు. 13వ తేది ఆట కూడ రద్దగునేమో యని స్కాట్లండువారు న్యాయవాదుల సలహా వెదకిరి. అది తప్పలేదు, ఆ ఆట యోకొహామాలో జరిగెను. ఆ మైదానమును త్సురుమి నది పొంగినపుడు నీరు నిలువచేయు పల్లపు నేలలో, స్తంభములపై కట్టిరి. ప్రాణములు ఎనుబదికి పైగా పోయిన తుపాను మరునాడు, మృతులకై మౌనము పాటించి, జపాను 28-21తో గెలిచి మొదటిసారి ఎనిమిదింటిలో చేరెను. వెనుక 145 గుణము లిచ్చుకొన్నవారు వీరే.

ఈ కొరత పెద్దల దృష్టికి రాకపోలేదు. 2023లో ఫ్రాన్సు పోటీని వారము పొడిగించి, ప్రతి జట్టునకు కనీసము ఐదు దినముల విశ్రాంతి దొరకునట్లు చేసిరి. 2027లో ఆస్ట్రేలియాలో జరుగవలసిన పోటీకి ఇరువదినాలుగు జట్లను, నాలుగేసి చొప్పున ఆరు పంక్తులుగ నిర్ణయించిరి. మిగిలిపోవు ఐదవవాడు ఇక నుండడు.

ఆ తుపాను దినములలోనే, అదే 13వ తేదీన, రద్దయిన మూడవ ఆట కలదు. కమైషి అను ఉక్కు కర్మాగారపు పట్టణము. దాని జట్టు ఒకప్పుడు వరుసగ ఏడేండ్లు జపాను విజేత. 2011 సునామి ఆ పట్టణమును ముంచెను. ఉనొసుమై అను చోట రెండు పాఠశాలల పిల్లలు చేయిచేయి పట్టుకొని మిట్టకు పరుగిడి బ్రతికిరి, పాఠశాలలు పోయెను. ఆ స్థలముననే ఈ పోటీకై చిన్న మైదానము కట్టిరి. దానికి దక్కినవి రెండే ఆటలు. మొదటిది సెప్టెంబరు 25వ తేదీన జరిగెను. ఉరుగ్వే ఫీజీని 30-27తో ఓడించెను. రెండవది నమీబియా, కెనడాలది. రెండును అప్పటికి మూడేసి ఆటలు ఓడినవి. నమీబియా అంతవరకు ఏ ప్రపంచపు పోటీలోను ఒక్క గెలుపు నెరుగదు; ఆ ఉదయముననే వారి ఆశ. తెల్లవారి చూడగా వీధులలో బురద. ఆట లేదని చెప్పిరి. కెనడా ఆటగాండ్రు పారలు పుచ్చుకొని వీధులలోని బురద ఎత్తివేసిరి. నమీబియా పేరున పట్టికలో, ఆడని ఆటకు, రెండు పాయింట్లు వ్రాసిరి.