అంకె దిగింది, ముప్పు దిగలేదు

రక్తపరీక్ష ఫలితం చేతికి రాగానే మన కళ్ళు మొదట వెతికేది కొలెస్టరాల్ అంకెను. అది తగ్గితే గుండెకు ముప్పు తగ్గినట్టే అనుకుంటాం. ఆ నమ్మకాన్ని గట్టిగా పరీక్షించిన కథ అమెరికాలో నడిచింది.

చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్‌తో చేసిన ప్రెమరిన్ మాత్రకు అక్కడ 1942లో అనుమతి లభించింది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే వైద్యుడు ‘ఫెమినిన్ ఫరెవర్’ పుస్తకంలో ముట్లు ఆగిపోవడాన్ని హార్మోను లోపం వల్ల వచ్చే వ్యాధిగా చిత్రించాడు. మాత్రల వాడకం పెరిగింది. ఈస్ట్రోజెన్‌ను ఒక్కదాన్నే వాడితే గర్భాశయపు లోపొరకు క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని 1975లో తెలిసింది. దానికి విరుగుడుగా ప్రొజెస్టిన్‌ను జోడించారు.

ఆ తరువాత ఆశ గుండె వైపు మళ్ళింది. హార్మోన్లు వాడే నర్సులలో గుండెజబ్బు తక్కువని 1976లో మొదలైన దీర్ఘకాల అధ్యయనం చూపింది. 875 మంది స్త్రీలపై జరిగిన ‘పెపి’ ప్రయోగం 1995లో మరింత ధైర్యమిచ్చింది: చెడు కొలెస్టరాల్ తగ్గింది, మంచిది పెరిగింది. ట్రైగ్లిసరైడ్లు కూడా పెరిగాయన్న సంగతికి అంత ప్రాధాన్యం దక్కలేదు.

1998లో ‘హెర్స్’ ఫలితాలు వచ్చాయి. అప్పటికే గుండెజబ్బు ఉన్న 2,763 మంది స్త్రీలలో, హార్మోన్లు వాడినవారికి చెడు కొలెస్టరాల్ 11 శాతం తక్కువగా, మంచిది 10 శాతం ఎక్కువగా నమోదైంది. అయినా గుండెపోట్లు తగ్గలేదు. పైగా మొదటి ఏడాది పెరిగాయి. 2002లో 16,608 మందితో సాగుతున్న ‘విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్’ ప్రయోగంలోని జంట హార్మోన్ల భాగాన్ని గడువుకు ముందే ఆపేశారు. ఏడాదికి 10,000 మందిలో గుండెజబ్బు ఘటనలు 7, పక్షవాతాలు 8, రొమ్ము క్యాన్సర్లు 8 అదనంగా కనిపించాయి. తుంటి ఎముక విరగడం మాత్రం తగ్గింది.

పొరపాటు ఎక్కడ జరిగింది? హార్మోన్లు కోరి వాడినవారిలో చాలామంది చదువూ ఆదాయమూ ఆరోగ్యశ్రద్ధా ఉన్నవారు. వారి గుండెను కాపాడింది మాత్ర ఒక్కటే అనలేం. నోటి ద్వారా తీసుకునే ఈస్ట్రోజెన్ కాలేయం మీద పనిచేసి కొలెస్టరాల్‌తో పాటు రక్తం గడ్డకట్టే గుణాన్నీ మార్చుతుంది. కొలెస్టరాల్ అంకెకు ఈ రెండవ మార్పు తెలియదు.

అలాగని ఆ అంకె వట్టిది కాదు. స్టాటిన్లతో దాన్ని తగ్గిస్తే మరణాలు తగ్గుతాయని 1994లోనే స్కాండినేవియా ప్రయోగం నిరూపించింది. అంకె ఎంత దిగిందన్నదే కాదు, దేనివల్ల దిగిందన్నదీ ముఖ్యమే. 2002 నాటి భయానికీ మరో ముఖం ఉంది: ఆ ప్రయోగంలోని స్త్రీల సగటు వయసు 63. ముట్లు ఆగిన తొలి ఏళ్ళలో హార్మోన్లు మొదలుపెట్టినవారికి ముప్పు అంతగా కనబడలేదని 2007 నాటి విశ్లేషణ సూచించింది. వేడి ఆవిర్లతో నిద్రలేని స్త్రీకి ఈ మందు నేటికీ ఉపశమనమే. గుండెకు కాపలాగా మాత్రం కాదు. అమ్మ ఫోనులో తన రిపోర్టు చదివి వినిపించినప్పుడు అంకె ఒక్కటి వింటే చాలదు, ఆమె వయసూ వాడుతున్న మందులూ కూడా అడగాలి.