జనాభా లెక్కల మాస్టారు

కూర్చో నాయనా. ఆ సెల్లు కాసేపు పక్కన పెట్టు, అదెక్కడికీ పారిపోదులే. జనాభా లెక్కల డ్యూటీలో లాభమెంత, నష్టమెంత అని అడిగావు కదా. ఒక్క ముక్కలో తేలే సంగతి కాదది. నీకు తొందరున్నా నాకు లేదు.

మాది దివిసీమ, నాది బడిపంతులు ఉద్యోగం. నేను చెప్పేది 1981 నాటి మాట. అప్పటికింకా మండలాలు లేవు, తాలూకాలే. లెక్కలకి తాసిల్దారుగారు చార్జి ఆఫీసరు, మేం ఎన్యూమరేటర్లం, మా నెత్తిన ఓ సూపర్‌వైజరు. ఫిబ్రవరి 9న మొదలెట్టి 28 కల్లా ముగించాలి. బడిలో పరీక్షలు ముంచుకొస్తుంటే పైన ఇదొకటి, గోరుచుట్టు మీద రోకటిపోటు! కాదనడానికి వీల్లేదు. 1948 నాటి సెన్సస్ చట్టంలో డ్యూటీ ఎగ్గొట్టిన వాడికి జరిమానా ఉంది.

ఇచ్చే సొమ్మా? చెప్పుల అరుగుదలకి వస్తే గొప్ప. అప్పట్లో కార్డుముక్క 15 పైసలు, హోటల్లో టీ అర్ధరూపాయి లోపే. నువ్విప్పుడు ఒక్క కాఫీకి పోసే డబ్బుతో మేం ఊరందరికీ ఉత్తరాలు రాసేవాళ్లం. సరే, కాఫీ సంగతి తర్వాత.

అధికారం మాత్రం దండిగా ఇచ్చారు. ఎవరింటి గోడమీదైనా నంబరు రాయొచ్చని చట్టమే చెప్పింది. ముందు ఏడాది ఇళ్ల లెక్కకి వెళ్లినప్పుడు, పండక్కని సున్నం వేయించుకున్న గోడమీద రంగు పులమబోతే, ఆ ఇల్లాలు చీపురు పట్టుకుని గడపలో నిలబడేది. చట్టం మన పక్షాన ఉంటే ఏంటి, చీపురు ఆవిడ చేతిలో ఉందిగా! తలుపు పక్కన మూలకి రాస్తానని బతిమాలుకునేవాళ్లం.

ఇక ప్రశ్నలు. "వయసెంతమ్మా?" అంటే "చదువుకున్నోళ్లు, మీరే ఏసుకోండి బాబూ" అనేవాళ్లు. అప్పుడు మా పంచాంగం తీసేవాళ్లం. గాంధీగారు పోయిన ఏడు నువ్వు పాకుతున్నావా, నడుస్తున్నావా? పెద్దమనిషివయ్యాక స్వరాజ్యం వచ్చిందా, ముందే వచ్చిందా? ఇంత చేసినా సగం ఊరి వయసు నలభైకో, యాభైకో వచ్చి ఆగేది. మొగుడి పేరు చెప్పమంటే మరో తంటా. సిగ్గుపడి గోడమీది వేంకటేశ్వరస్వామి క్యాలెండరు చూపిస్తే వెంకటేశ్వర్లు అని మనమే రాసుకోవాలి. నవ్వకు. భార్య తన భర్త పేరు చెప్పి తీరాలన్న నిర్బంధం లేదని ఆ చట్టంలోనే రాసి ఉంది. ఢిల్లీలో కూర్చుని రాసినా, మన ఆడవాళ్ల సంగతి వాళ్లకి బాగానే తెలుసు.

భయాలు కూడా తక్కువేం కాదు. ఎమర్జెన్సీ నాటి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఇంకా ఎవరూ మర్చిపోలేదు. సంచీ తగిలించుకుని "పిల్లలెంతమంది?" అని అడిగేసరికి కొందరు మగాళ్లు దొడ్డిదారిన జారుకునేవాళ్లు. ఇంకొందరికి ఇది రేషను కార్డు లెక్కని ఆశ. పై ఊళ్లో ఉన్న అల్లుణ్ణి కూడా తెచ్చి కలిపేవాళ్లు. నువ్వు చెప్పింది ఎవరికీ చూపరయ్యా, కోర్టులో సాక్ష్యానికి కూడా పనికిరాదు అని చెప్పీ చెప్పీ గొంతు పోయేది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ పనిలో అది అక్షరాలా నిజం. పేరు పెట్టని పసిబిడ్డని ఇంట్లోవాళ్లే లెక్కలో చెప్పరు, అడిగి రాయాలి. ఇంకో సంగతి. ఆ ఏడే కొత్తగా, 183 రోజులు పనిచేసినవాళ్లు ఒక రకం, అంతకు తక్కువ చేసినవాళ్లు ఇంకో రకం అని విడదీయమన్నారు. "నువ్వేం పని చేస్తావమ్మా?" అంటే "ఏం లేదండి, ఊరికే ఇంట్లోనే" అనేది. చేతులకి చూస్తే మినపచేలో మట్టి, గుమ్మం ముందు గేదె, గోడనిండా పిడకలు! ఆ ఊరికే ఉండే మనిషి ఒక్కరోజు పడుకుంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. నాట్లకెళ్తావా, కోతలకెళ్తావా, ఎన్నాళ్లు అని తరచి తరచి అడిగితేగాని నిజం బయటికి రాదు.

ఇప్పుడు చెప్పేది నవ్వే మాట కాదు. మా బ్లాకు శాంపిల్లో పడింది. అంటే పెళ్లయిన ప్రతి ఆడమనిషినీ ఎంతమందిని కన్నావు, ఎంతమంది మిగిలారు అని అడగాలి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి మూడేళ్లే అయింది మరి. ఒకామె ఐదుగురంది, ఆగి, ఇద్దరంది. పోయినవాళ్ల పేర్లు కూడా రాయమంది. ఆ కాగితంలో వాటికి గడి లేదు. ఆమె చెబుతుంటే వింటూ కూర్చున్నాను. సూపర్‌వైజరు తొందరపెడితే పెట్టాడు. ఆ ప్రశ్న అడగడం ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా పెద్ద కష్టం. ఆ మనిషి మనని నమ్మి జవాబు చెప్పడం అన్నిటికన్నా పెద్ద జీతం.

ఎక్కడున్నాం? ఆఁ, ఆఖరి రాత్రి. ఇల్లూ వాకిలీ లేనివాళ్లని 28 రాత్రే రాయాలి. టార్చిలైటు పట్టుకుని బస్టాండు, సత్రం, గుడి మండపం తిరిగాం. మార్చి 1 సూర్యోదయానికి దేశంలో ఎవరున్నారో అదే లెక్క. తర్వాత సరిచూసుకోడానికి మార్చి 5 దాకా మళ్లీ అవే గడపలు. ఆ ఒకటో తారీకు తెల్లవారుజామున ఓ ఇంట బిడ్డ పుట్టింది. పొద్దు పొడవకముందా, పొడిచాకా అని మంత్రసానిని అడిగితే, "బిడ్డని పట్టుకోనా, సూర్యుణ్ణి చూడనా?" అని కసిరింది. ఆవిడదే న్యాయం.

ఆ ఏడు ఆంధ్రప్రదేశ్ 5 కోట్ల 35 లక్షలకి తేలింది. మీ తరానికి 2021 లెక్క కరోనా మూలాన తప్పిపోయింది. ఈసారి 2027 మార్చి 1 లెక్కంటున్నారు. ఫోన్లోనే రాస్తారట, కులం కూడా అడుగుతారట. కాగితం మారితే మారింది, గడపలు అవే.

నా తీర్పు చెప్పేస్తాను. డబ్బు లెక్కన చూస్తే ఇది నష్టపు పనే. ఎండ, కుక్కలు, చీవాట్లు, అలవెన్సు కోసం తిరగడాలు అన్నీ ఉంటాయి. కానీ ప్రతి గడపా ఎక్కి, ఎవరికీ ఏమీ ఇవ్వకుండా, ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోకుండా మాట వినే సర్కారు కొలువు ఇంకోటి లేదు. ఇంటింటికీ మట్టిపొయ్యే అన్నది చదివితే తెలియదు, తిరిగితేనే తెలుస్తుంది. అందుకని డ్యూటీ పడితే తప్పించుకోకు. "ఏం లేదండి" అన్న జవాబు దగ్గర ఆగిపోకు, ఇంకో ప్రశ్న అడుగు. ముందు మీ ఇంట్లోనే మొదలెట్టు. మీ అమ్మ పొద్దుటినుంచీ ఏమేం పనులు చేసిందో కనుక్కో, పో.