నోట్‌గెల్డ్: పట్టణాల పూచీపై నడిచిన కాగితపు ద్రవ్యం

1914 ఆగస్టులో యుద్ధం మొదలవగానే జర్మనీలో నోట్లకు బదులు బంగారం చెల్లించే పద్ధతి నిలిచిపోయింది. ప్రజలు బంగారు, వెండి నాణేలను దాచుకున్నారు. క్రమంగా నికెల్, రాగి సైతం ఆయుధ పరిశ్రమకు తరలడంతో చిల్లరకు తీవ్రమైన కొరత ఏర్పడింది. ఆ స్థితిలో పట్టణ పాలకసంస్థలు, పొదుపు బ్యాంకులు, కర్మాగారాలు చిన్న విలువల నోట్లను సొంతంగా ముద్రించుకున్నాయి. వీటికే ‘నోట్‌గెల్డ్’ అని పేరు. అత్యవసర ద్రవ్యమని దాని అర్థం.

అదే యుద్ధకాలంలో వెండి కొరత కారణంగా 1918లో హైదరాబాదు సంస్థానం కూడా కాగితపు నోట్లను వెలువరించింది. అయితే అక్కడ పూచీ సంస్థానానిది. జర్మనీలో ఒక్కొక్క పట్టణానిది. కనుక నోట్‌గెల్డ్ చెలామణి సాధారణంగా ఆ ఊరికీ పరిసరాలకూ పరిమితమైంది. చాలా నోట్లపై గడువు తేదీ ఉండేది. ఆలోగా తెచ్చినవారికి పట్టణం అసలు ద్రవ్యం చెల్లించాలి.

యుద్ధానంతరం ఈ బాధ్యతే ఆదాయమార్గమైంది. సేకర్తలు దాచుకున్న ప్రతి నోటూ పట్టణం తీర్చనక్కరలేని అప్పు. అందుకే స్థానిక గాథలతో, రంగుల బొమ్మలతో నోట్ల వరుసలు వెలువడ్డాయి. హామెల్న్ తన ఎలుకలవాడి కథను ముద్రించింది. బీలెఫెల్డ్ పట్టుబట్టపైనే నోట్లు అచ్చువేసింది. 1922లో ప్రభుత్వం ఇటువంటి వరుసలను నిషేధించింది.

చరిత్ర రచనకు ఇక్కడొక చిక్కు ఉంది. సంతలో చేతులు మారి నలిగిన నోట్లు గడువులోగా వెనక్కి చేరి రద్దయ్యాయి. సేకర్తల కోసం అచ్చయినవి చెక్కుచెదరక మిగిలాయి. కాబట్టి నేటి సేకరణలలోని అందమైన నోట్లనే యుద్ధకాల జీవనానికి సాక్ష్యంగా స్వీకరించరాదు. మాసిన, చిరిగిన, రద్దు ముద్ర పడిన సాదా నోటే ఆనాటి కొరతకు దగ్గరి ఆధారం.