పేరు లేని రాణి

షేక్‌స్పియర్ విషాద నాటకం 'మాక్‌బెత్'లో ప్రధాన స్త్రీ పాత్రకు సొంత పేరు లేదు. ఆమె లేడీ మాక్‌బెత్, అంతే. ఎం.ఏ. రోజుల్లో ఆమె గురించి మేం ఎక్కువగా రాసిన ప్రశ్న ఒకటే: ఆమె నాలుగో మంత్రగత్తెనా? కత్తి పట్టింది భర్త, సింహాసనం ఎక్కిందీ భర్తే. నేరంలో పెద్ద వాటా మాత్రం ఆమెది. ఈ లెక్క ఎలా మొదలైందో చూడాలని చరిత్రలోకి వెళ్ళాను.

చరిత్రలో ఆమె పేరు గ్రువోఖ్. స్కాట్లండు రాజవంశపు ఆడపడుచు. మొదటి భర్త, ఉత్తరాన మోరే ప్రాంతపు పాలకుడు, 1032లో యాభైమంది మనుషులతో సహా మంటల్లో కాలిపోయాడు. మరుసటి ఏడాదే ఆమె పుట్టింటి మగవాణ్ణొకణ్ణి రాజు రెండో మాల్కమ్ చంపాడు. చిన్నపిల్లవాడు లులాఖ్‌తో మిగిలిన ఆమెను మాక్‌బెత్ పెళ్ళాడాడు. 1040లో డంకన్ చనిపోయింది పడకగదిలో కాదు, మాక్‌బెత్‌తో పోరులో. ఆ తర్వాత మాక్‌బెత్ 17 ఏళ్ళు పాలించాడు. లోఖ్ లెవెన్ సన్యాసులకు భూమి రాసిచ్చిన దానపత్రంలో రాజు పేరు పక్కన రాణిగా గ్రువోఖ్ పేరూ ఉంది. 1057లో మాక్‌బెత్‌నీ, 1058లో లులాఖ్‌నీ డంకన్ కొడుకు మాల్కమ్ పక్షం చంపింది. తరతరాల మగవాళ్ళ వారసత్వపు పోరు ఇది.

ఐదు శతాబ్దాల తర్వాత, 1577లో అచ్చయిన హోలిన్‌షెడ్ చరిత్రలో ఆమెకు దక్కిన చోటు బహు కొద్ది. రాణి కావాలన్న కోరికతో భర్తను ఉసిగొల్పిందట. అదే పుస్తకంలో, భార్య ప్రోద్బలంతో డఫ్ రాజును నిద్రలో చంపించిన డాన్‌వాల్డ్ కథ ఉంది. షేక్‌స్పియర్ రెండు కథల్నీ కలిపాడు. ఇద్దరు భార్యల నింద ఒక్క స్త్రీ నెత్తిన పడింది.

హోలిన్‌షెడ్‌లో డంకన్ హత్యకు మాక్‌బెత్‌కి తోడు నిలిచినవాడు బాంకో. నాటకంలో అతను నిర్దోషి. కారణం ఊహించడం కష్టం కాదు. 1603లో ఇంగ్లండు గద్దెనెక్కిన జేమ్స్ రాజు బాంకో వంశీకుడని అప్పటి నమ్మకం. రాజుగారి పూర్వీకుడి చేతులు శుభ్రమయ్యాయి. ఆ నెత్తురు కడిగినా పోని మరకై ఆమె చేతులకంటింది.

అయినా నాటకాన్ని ఇంతటితో కొట్టిపారేయలేను. అధికారం ఏం చేస్తుందో అది దాచలేదు. కిరీటం దక్కేదాకా భార్య సలహా కావాలి. దక్కాక బాంకో హత్య సంగతి మాక్‌బెత్ ఆమెకు చెప్పడు. ఆమె ఒంటరిగా నిద్రలో నడుస్తుంది, తెర వెనక చనిపోతుంది. ఏ అధికారమూ కోరని మాక్‌డఫ్ భార్యనూ పిల్లల్నీ అతని మనుషులు చంపేస్తారు. ఆమెకూ పేరు లేదు.

కోరిన స్త్రీకీ, కోరని స్త్రీకీ ఒకటే ముగింపు రాసిన ఆ అధికారం ఎవరిది? మన తరగతుల్లో నాలుగో మంత్రగత్తె ప్రశ్నకు బదులు ఈ ప్రశ్న అడగాలి.